మోటారు రేసులలో టెస్టింగు దినాలు: కేటాయింపు, నియమాలు, కారణాలు

మోటారు రేసు అనగానే జెండా ఊపడం, కార్లు దూసుకుపోవడం, కప్పు అందుకోవడం గుర్తుకు వస్తాయి. వీటన్నిటికీ ముందు జరిగే పని మరొకటి ఉన్నది. కొత్తగా బిగించిన ఇంజను వేడిని తట్టుకుంటుందా, టైరు ఎన్ని చుట్లకు అరుగుతుంది, మలుపులో బ్రేకు ఎక్కడ వేయాలి అన్నవి తేల్చుకోవడానికి, పోటీ లేని రోజున ట్రాకుపై కారు నడిపి చూడడాన్ని టెస్టింగు అంటారు. సీజను ఆరంభానికి ముందు జరిగేది ఒక రకం. సీజను నడుస్తుండగా రేసుకూ రేసుకూ మధ్య జరిగేది రెండవ రకం. కట్టుబాట్లు ఎక్కువగా ఉన్నది ఈ రెండవ దానికే. ఎవరికి ఎన్ని రోజులు, ఏ ట్రాకుపై, ఎప్పుడు అన్న లెక్కపైనే కొత్తవాడికి నేర్చుకునే అవకాశం ఆధారపడి ఉంటుంది.

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల వారికి ఇది దూరపు విషయం కాదు. దేశంలో మోటారు రేసులు వేళ్ళూనుకున్న చోట్లలో తిరువళ్ళూరు జిల్లాలోని చోళవరం ఒకటి. నేటి ట్రాకు ఉన్న ఇరుంగాట్టుకోట్టై పొరుగున కాంచీపురం జిల్లాలోనిది. రేసు టైర్లకు పేరు పొందిన ఎం.ఆర్.ఎఫ్. సంస్థ కర్మాగారాలలో ఒకటి తిరుత్తణికి చేరువలోని అరక్కోణం వద్ద ఉన్నది.

చోళవరం రన్‌వే

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో చోళవరంలో విమానాల కోసం రన్‌వే వేశారు. యుద్ధానంతరం అది రేసులకు అక్కరకు వచ్చింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ దశాబ్దాల పాటు రేసులు నిర్వహించింది. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వేల సంఖ్యలో వచ్చి చూసేవారు.

అయితే ఆ నేల క్లబ్బుకు సొంతం కాదు. రేసుల దినాలకు మాత్రమే దొరికే నేలపై, ఆ దినాలకు తగిన తాత్కాలిక ఏర్పాట్లే సాధ్యం. తీరిక దొరికిన రోజున కారు తెచ్చుకుని నడిపి చూసే వీలు ఉండేది కాదు. కారులోని లోపం తెలిసేది రేసులోనే. దానిని సరిదిద్దుకుని మళ్ళీ చూసుకోవాలంటే తదుపరి రేసుల దాకా ఆగవలసిందే.

ఇరుంగాట్టుకోట్టై ట్రాకు

1990లో శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు తన సొంత ట్రాకును ప్రారంభించింది. దాని పూర్తి నిడివి 3.7 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. సొంత ట్రాకు రావడంతో రేసు లేని రోజులకూ విలువ వచ్చింది. జట్లు, టైర్ల సంస్థలు, మోటారుసైకిళ్ళ తయారీదారులు రోజుల లెక్కన ట్రాకును తీసుకుని పరీక్షలు జరుపుకునే వీలు కలిగింది. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ తొలి రేసు ఫార్ములా మారుతి కారుతో శ్రీపెరుంబుదూరులోనే జరిగింది. అతడే 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు.

ఒక రోజును నిర్ణయించడం ఎలా?

టెస్టింగు దినం నిర్ణయించేటప్పుడు ముఖ్యంగా నాలుగు విషయాలు చూస్తారు.

మొదటిది భద్రత. పోటీ లేకపోయినా ప్రమాదం ప్రమాదమే. వైద్యుడు, అంబులెన్సు, మంటలార్పే సిబ్బంది, జెండాలు చూపే మార్షళ్ళు సిద్ధంగా లేనిదే ట్రాకు తెరవరాదు.

రెండవది వాతావరణం. టైరు ఎంత అరిగిందో తెలియాలంటే రేసు నాటి వేడికి దగ్గరి వేడి ఉండాలి. చెన్నై ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వర్షాలు కురుస్తాయి. ఆ నెలలలో పొడి రోజు దొరుకుతుందన్న నమ్మకం ఉండదు.

మూడవది ఖర్చు. ట్రాకు అద్దె, టైర్లు, పెట్రోలు, మెకానిక్కుల కూలి, లారీల రవాణా అన్నీ కలిసివస్తాయి. అందుకే రేసు ముగిసిన వెంటనే అదే ట్రాకుపై టెస్టింగు పెట్టే పద్ధతి ఏర్పడింది. సామాను అక్కడే ఉంటుంది గనుక రాకపోకల ఖర్చు మిగులుతుంది. మోటారుసైకిళ్ళ ప్రపంచ పోటీ అయిన మోటో జీపీలో కొన్ని రేసుల తరువాతి సోమవారం ఒక్కరోజు టెస్టింగు జరగడం ఇందువల్లనే.

నాలుగవది సమానత్వం. ధనిక జట్టు నెలలో పది రోజులు ట్రాకు తీసుకుని, పేద జట్టు ఒక్క రోజుకు కూడా నోచుకోకపోతే పోటీ మొదలు కాకుండానే ఫలితం తేలిపోతుంది.

ఫార్ములా వన్ నియమాలు

ఈ నాలుగవ కారణమే ప్రపంచ స్థాయిలో పెద్ద మార్పులు తెచ్చింది. ఇటలీకి చెందిన ఫెరారీ జట్టుకు 1972 నుంచి ఫియొరానోలో సొంత ట్రాకు ఉన్నది. పెద్ద జట్లు సీజను మధ్యలో వేల కిలోమీటర్లు టెస్టింగు జరిపేవి. 2008 నాటి ఆర్థిక సంక్షోభంతో ఖర్చు తగ్గించక తప్పలేదు. ఆ డిసెంబరులో హోండా జట్టు తప్పుకున్నది. 2009 నుంచి సీజను మధ్య టెస్టింగును నిషేధించారు.

తరువాత నియమం పలుమార్లు సడలింది, బిగిసింది. 2012 మే నెలలో ముజెల్లోలో 3 రోజులు అనుమతించారు. 2014లో బహ్రెయిన్, బార్సిలోనా, సిల్వర్‌స్టోన్, అబుదాబీ ట్రాకులపై రేసుల అనంతరం రెండేసి రోజుల చొప్పున మొత్తం 8 రోజులు ఇచ్చారు. 2019 నాటికి అవి 4 రోజులే. 2020 నుంచి ఆ సామూహిక టెస్టింగు లేదు. టైర్ల పరీక్షల వంటి కొన్ని మినహాయింపులే మిగిలాయి.

నియమం తప్పినందుకు శిక్ష కూడా ఉన్నది. 2013 మే నెలలో మెర్సిడెస్ జట్టు ఆ ఏటి కారుతోనే బార్సిలోనాలో 3 రోజులు పిరెల్లీ టైర్ల పరీక్షలో పాల్గొన్నది. విచారణ జరిపిన ట్రిబ్యునల్ జట్టును మందలించి, ఆ ఏటి యువ డ్రైవర్ల టెస్టింగులో పాల్గొనకుండా చేసింది.

కొత్తవాడికి కలిగే నష్టం

నిషేధం పేద జట్టుకు మేలు చేసినా, కొత్త డ్రైవరుకు అన్యాయం చేసింది. ఇందుకు చెన్నై యువకుడు కరుణ్ చందోక్ అనుభవమే నిదర్శనం. 2010లో అతడు చేరిన హిస్పానియా జట్టు కారు సీజనుకు ముందు ఒక్క చుట్టు కూడా టెస్టింగు చేయలేదు. మార్చిలో బహ్రెయిన్‌లో అతని కారు సిద్ధమయ్యేసరికి ప్రాక్టీసు సమయమంతా గడచిపోయింది. అర్హత పోటీలోనే అతడు తొలిసారి ఆ కారును నడిపాడు. రేసు రెండవ చుట్టులోనే ప్రమాదానికి లోనై వైదొలగాడు. నడుపుతూనే నేర్చుకోవలసి వచ్చినా, ఆస్ట్రేలియాలో జరిగిన తదుపరి రేసును 14వ స్థానంలో పూర్తి చేశాడు.

ఈ లోటును పూడ్చడానికి తరువాత కొన్ని మార్గాలు వచ్చాయి. 2025లో ప్రతి జట్టూ తన రెండు కార్లలో ఒక్కోదానిని రెండేసి మార్లు తొలి ప్రాక్టీసులో కొత్త డ్రైవరుకు ఇవ్వవలసి వచ్చింది. పాత కార్లతో టెస్టింగుకు 20 రోజులు అనుమతించి, రేసు డ్రైవర్లకు అందులో 4 రోజుల, 1000 కిలోమీటర్ల పరిమితి విధించారు.

వెనుకబడిన వారికి ఎక్కువ

మోటో జీపీ మరొక దారి పట్టింది. 2023 చివరి నుంచి తయారీదారులను ఫలితాలను బట్టి నాలుగు తరగతులుగా విభజించారు. అట్టడుగు తరగతిలోని వారికి టెస్టింగు స్వేచ్ఛ ఎక్కువ, అగ్రస్థానంలోని వారికి తక్కువ. 2024లో హోండా, యమహా సంస్థలకు ఆ స్వేచ్ఛ దక్కింది. ఫార్ములా వన్‌లో కారు నమూనాపైకి గాలిని వదిలి పరిశీలించే విండ్ టన్నెల్‌కు ఇటువంటి లెక్కే ఉన్నది. 2022 నుంచి 2025 వరకు నిర్ణీత ప్రమాణంలో మొదటి జట్టుకు 70 శాతం, పదవ జట్టుకు 115 శాతం ఇచ్చారు. చివరి బంతిలో కూర్చున్నవాడికి ముందుగా వడ్డించడం వంటిదిది.

నగర వీధులలో రేసులు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ రేసు, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ పరిసరాలలో జరిగిన రేసులు వీధులలో నడిచినవి. చెన్నై రేసు 2023 డిసెంబరులోనే జరగవలసి ఉండగా మిచాంగ్ తుపాను వల్ల వాయిదా పడింది. వీధి రేసులలో టెస్టింగు దినాలకు తావు లేదు. మిగిలిన రోజులలో ఆ దారి ప్రజలది. కనుక శాశ్వత ట్రాకులపై చేసిన సాధనే అక్కడ ఆధారం.

తిరువళ్ళూరు మీదుగా తిరుత్తణి, తిరుపతి వైపు సాగే రహదారికి కూడా ఈ మాటే వర్తిస్తుంది. దానిపై బస్సులు, ఎద్దుబండ్లు, కావడి మోసే భక్తులు నడుస్తారు. అక్కడ బండి వేగం పరీక్షించేవాడికి మార్షలు లేడు, సిద్ధంగా నిలిచిన అంబులెన్సు లేదు. వేగంపై మక్కువ గల పిల్లలు కార్టింగుతో ఆరంభించి, దేశీయ మోటారు క్రీడల సమాఖ్య లైసెన్సు పొంది, ట్రాకుపై సాధన చేయడమే సరైన మార్గం. ఆ మార్గం ఖర్చుతో కూడినదే. టెస్టింగు దినాలను న్యాయంగా పంచవలసిన అవసరం అందుకే ఉన్నది.