పూత కోసం కొట్టిన మందు

1942. ప్రపంచమంతా యుద్ధంలో ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఓ పరిశోధక విద్యార్థి మాత్రం సోయా మొక్కల మీద వంగి మొగ్గలు లెక్కపెడుతున్నాడు. పేరు ఆర్థర్ గాల్‌స్టన్. బ్రూక్లిన్ కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయి.

పగలు తగ్గి రాత్రి పెరిగితేగానీ సోయా పూతకు రాదు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఆ పూత ఆలస్యమై, కాయ ముదిరేలోగా మంచు కొట్టేస్తుంది. నాలుగు రోజులు ముందు పూస్తే రైతు గట్టెక్కుతాడు. గాల్‌స్టన్ తాపత్రయమంతా అదే. ట్రైఅయోడోబెంజోయిక్ ఆమ్లం, క్లుప్తంగా టిబా, అనే మందు మొక్కలకు కొట్టి చూశాడు. పూమొగ్గలు పెరిగాయి!

మోతాదు పెంచినప్పుడు ఇంకోటి జరిగింది. ఆకు కాడ కాండానికి అతుక్కునే చోట పట్టు సడలింది. తాకితే చాలు, ఆకు తెగిన గుర్తు కూడా లేకుండా నున్నగా ఊడి వస్తోంది. అతనికి కావలసింది పూత. రాలిన ఆకులతో పని లేదు. అయినా కంటితో చూశాక రాయకుండా ఎలా? థీసిస్‌లో అదీ చేరింది. 1943లో డాక్టరేటు వచ్చింది.

అతను పక్కన పెట్టేసిన ఆ ఫలితమే మేరీలాండ్‌లోని డెట్రిక్ సైనిక స్థావరంలో జీవాయుధాల శాస్త్రజ్ఞులకు పనికొచ్చింది. శత్రువు దాక్కునే అడవిని బోడి చేయడమెలాగన్నది వాళ్ల వెతుకులాట. తీరా వియత్నాం యుద్ధానికి వెళ్లింది టిబా కాదు. 2,4-డి, 2,4,5-టి అనే కలుపు మందులను సమపాళ్లలో కలిపి, నారింజ పట్టీ ఉన్న డ్రమ్ముల్లో పంపారు. ఏజెంట్ ఆరెంజ్ అన్న పేరు అలా వచ్చింది. 1962 నుంచి 1971 వరకు ఇలాంటి మందులన్నీ కలిపి సుమారు 7 కోట్ల లీటర్లు విమానాలతో చల్లారు.

అప్పటికి గాల్‌స్టన్ యేల్‌లో ప్రొఫెసర్. మందు వేరు, చల్లినవాళ్లు వేరు. నాకేం సంబంధమని ఊరుకుంటే తప్పుపట్టేవారు లేరు. ఆయన ఊరుకోలేదు. 1966లో తోటి వృక్షశాస్త్రజ్ఞులను కూడగట్టి అధ్యక్షుడు జాన్సన్‌కు లేఖ రాశారు. మడ అడవులు పోతే చేపలు, రొయ్యలు పోతాయి, నదీ తీరాలు కోతకు గురవుతాయి, నేల పాడవుతుందని హెచ్చరించారు. 2,4,5-టి ఇచ్చిన చుంచులకు, ఎలుకలకు వైకల్యాలతో పిల్లలు పుట్టిన సంగతి 1969లో బయటపడింది. తయారీలో దానికి అంటుకున్న డయాక్సిన్ మహా విషమని తేలింది. గాల్‌స్టన్, జన్యుశాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ కలిసి ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చారు. 1970లో ఏజెంట్ ఆరెంజ్ వాడకం ఆగింది.

ఆ మిశ్రమంలో సగమైన 2,4-డి మన వరి రైతులకూ తెలిసిందే. వెడల్పాకు కలుపు మీద ఇప్పటికీ కొడుతున్నారు. డయాక్సిన్‌ను మోసుకొచ్చింది రెండో సగం.

చెడుకు పనికొచ్చే పరిశోధన జోలికి వెళ్లకపోతే చాలని గాల్‌స్టన్ ఒకప్పుడు అనుకునేవారు. పూత కోసం పడిన పాటుకే ఈ గతి పట్టాక ఆ నమ్మకం పోయింది. కనిపెట్టినవాడు దాని వాడకాన్ని చివరిదాకా కనిపెట్టుకుని ఉండాల్సిందేనని తేల్చుకున్నారు. యేల్‌లో విద్యార్థులకు జీవనీతిశాస్త్రం బోధించడం మొదలుపెట్టారు. 2008లో కన్నుమూశారు.