సుడి తిరుగు వెలుగు

హైదరాబాదు ఉస్మాన్‌గంజ్ బజారులో చక్కెర బస్తా కొనువారు తూకము చూతురు. మిల్లులో దాని పస కొలిచినది మాత్రము వెలుగే. ధ్రువణము చేసిన వెలుగు చక్కెర నీటిగుండ పోవునప్పుడు కొంత తిరుగును. ఎంత తిరిగినదో చూచి చక్కెర పాలు చెప్పుదురు.

ధ్రువణమనగా నేమి? ఒక త్రాటిని కిటికీ నిలువు ఊచల నడుమ పోనిచ్చి ఆడించి చూడుము. పైకి క్రిందికి ఆడిన అల దాటిపోవును. ప్రక్కలకు ఆడినది ఊచలకు తగిలి ఆగును. మామూలు వెలుగు అన్ని దిక్కులకు ఆడుచుండును. 1828లో ఎడింబరోవాసి విలియం నికల్ ఐస్‌లాండు స్పార్ అను స్ఫటికమును ఏటవాలుగా కోసి, కెనడా బాల్సమ్ అను బంకతో తిరిగి అతికెను. ఆ స్ఫటికములో వెలుగు రెండు పాయలగును. ఒక పాయ బంక యొద్ద తొలగిపోవును. రెండవది ఒకే దిక్కున ఆడుచు వెలువడును. అట్టి పట్టకములను రెంటిని వరుసగా నుంచి, రెండవదానిని 60 డిగ్రీలు త్రిప్పినయెడల, మొదటిదాని నుండి వచ్చిన వెలుగులో పావు వంతే దాటును. 90 డిగ్రీలైన చీకటి.

ఇక అభ్రకము. గూడూరు ప్రాంతపు గనులు చూచిన నెల్లూరు సీమవారికి దాని పొరలు తెలియును. మిల్లీమీటరులో సుమారు 30వ వంతు మందముగల పొరను ఐమూలగా అడ్డము పెట్టిన, తిన్నగా ఆడు వెలుగు సుడి తిరుగుచు బయటికి వచ్చును. పొర కొంచెము మందమైనను సుడి చెడును.

వెలుగు కణమునకే తనదైన భ్రమణము కలదా? ఈ ప్రశ్నకు ప్రయోగముచేత జవాబు వెదకినవారిలో మనవాడొకడు కలడు. సూరి భగవంతము 1909లో ఆగిరిపల్లిలో పుట్టి, అబిడ్స్‌కు దాపుననున్న నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో రామన్ యొద్ద చేరెను. 1931లో గురుశిష్యులు వాయువులలో చెదరిన వెలుగు ధ్రువణమును కొలిచి, కణమునకు ఒక ప్రమాణము భ్రమణము కలదని ప్రకటించిరి. రామన్ పేరు ఎల్లవారు ఎరుగుదురు; 1952 నుండి 1957 వరకు ఉస్మానియా ఉపాధ్యక్షుడుగా నున్న ఈ శిష్యుని పేరు ఇంటింట వినబడకపోవుట నాకు న్యాయముగా తోచదు.

1936లో అమెరికాలో రిచర్డ్ బెత్ సన్నని క్వార్ట్జ్ పోగుకు ఒక పలకను వ్రేలాడదీసి, దానిగుండ సుడి తిరుగు వెలుగును పంపెను. పలక రవంత తిరిగెను. సుడిని తారుమారు చేయగా, పలకయు ఎదురు దిక్కునకు తిరిగెను.