ఐఫోన్‌ని పడేసిన ‘జ్ఞా’: తప్పు మన అక్షరానిదేనా?

ప్రతి వారం కొత్త ఫోను, కొత్త అప్‌డేట్ అంటూ మాట్లాడుకుంటాం కదా. ఈ వారం చెప్పుకోదగ్గ కొత్త వార్త ఏం లేదు, అందుకని పాత వార్త ఒకటి తీశాను. 2018 ఫిబ్రవరి నాటిది. అప్పుడు మీలో కొంతమంది స్కూల్లో ఉండి ఉంటారు. ప్రపంచంలో ఉన్న టెక్ సైట్లన్నీ ఒక వారం పాటు మన తెలుగు గురించే రాశాయి. రాసిందేమో మంచి మాట కాదు. "ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్‌ని కుప్పకూలుస్తోంది" అని.

ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలో ఉన్న జ్ఞా. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కి ఎవరైనా ఆ మెసేజ్ పంపిస్తే, చూడబోయిన యాప్ టక్కున మూసుకుపోయేది. వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్, ఆపిల్ వాళ్ల సొంత మెసేజెస్, అన్నీ. తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది, ఎందుకంటే ఆ మెసేజ్ అక్కడే కూర్చుని ఉంటుంది కదా. అదే నోటిఫికేషన్‌లో వస్తే ఇంకా ఘోరం, హోమ్ స్క్రీనే పడిపోయేది. మ్యాక్ కంప్యూటర్లలోనూ ఇదే కథ.

మాది జనగామ. మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నలభై మందిమి ఉంటే ఐఫోన్ ఉన్నది ముగ్గురికి. మిగతా మాకందరికీ ఆండ్రాయిడే, మా ఫోన్లకు ఏం కాదు. ఇంకేం, ఆ ముగ్గురి మీద పడ్డాం. పాపం ఒకడు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి పోయి ఉన్నాడు, కంపెనీ వాళ్ల అడ్రస్ వాట్సాప్‌లోనే ఉంది. వాడు ఆ రోజు మమ్మల్ని తిట్టిన తిట్లు ఈ వీడియోలో చెప్పలేను. ఇంకొకడి పేరులోనే ‘జ్ఞా’ ఉంది. వాడి పేరు తెలుగులో రాస్తే ఫోన్ పోతుందని జోకులేసి, వాడిని గ్రూపులోంచి రెండు రోజులు తీసేశారు కూడా. అప్పుడు నవ్వుకున్నాం. తర్వాత ఒక విషయం తెలిసి నాకే సిగ్గనిపించింది. వాడి పేరు రాస్తే ఏ ఫోనూ పోదు. అసలు మామూలుగా ‘జ్ఞానం’ అని టైప్ చేస్తే ఏ ఐఫోనూ పడిపోలేదు.

అది అర్థం కావాలంటే తెలుగు ఫోన్ లోపల ఎట్లుంటుందో కొంచెం చూడాలి. కష్టమేం కాదు, ఉండండి.

ముందు ఫోన్ లేని కాలం. మహబూబాబాద్ జిల్లా కురవి దగ్గర వెయ్యేళ్ల నాటి తెలుగు శాసనం ఒకటి దొరికింది, చరిత్ర పుస్తకాల్లో కొరవి శాసనం అంటారు. దాన్ని చెక్కినాయనకి ఒత్తు పెద్ద సమస్య కాదు. అక్షరం కింద ఇంకో అక్షరం కావాలా, రాయి మీద కింద చెక్కుతాడు, అంతే. తాటాకు మీద గంటంతో రాసినోళ్లకూ అంతే. చెయ్యి ఎటు తిరిగితే అక్షరం అటు తిరుగుతుంది. చిక్కంతా అక్షరాన్ని గళ్లలో పెట్టాల్సి వచ్చినప్పుడు మొదలైంది. ఇంగ్లీష్‌కి ఇరవై ఆరు గళ్లు చాలు. మనకి క, కా, కి, కీ అని గుణింతం, దానికింద ఒత్తులు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్నే చూడండి.

1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. ప్రపంచంలో ప్రతి లిపికీ నంబర్లు ఇద్దాం అని చేసిన పని. తెలుగుకి 128 గళ్లు పెట్టారు, మన దేశంలో అప్పటికే ఉన్న ఇస్కీ అనే పద్ధతిని చూసుకుని. ‘జ్ఞా’కి మాత్రం ఆ 128లో విడిగా నంబర్ లేదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం, ఈ నాలుగు నంబర్లు వరసగా పెడితే, ఫోన్‌లో ఉన్న ఒక ప్రోగ్రాం వాటిని కలిపి ‘జ్ఞా’ అని బొమ్మ గీస్తుంది. మనకు కనిపించేది ఒక అక్షరం, లోపల నాలుగు. ఈ కలిపి గీసే ప్రోగ్రామే మన కథలో విలన్. ఆపిల్ ఫోన్లలో దాని పేరు కోర్ టెక్స్ట్.

ఇక్కడ జర పక్కకు వెళ్తా. పాత నోకియా ఫోన్లు గుర్తున్నాయా, లేదా ఇంట్లో బాపు దగ్గర చూశారా? అప్పుడు ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీష్ అయితే 160 అక్షరాలు పట్టేవి. తెలుగు అయితే 70. ‘జ్ఞాపకం’ అన్న మాటకి లోపల ఏడు నంబర్లు. అంటే ఖాళీ లేకుండా పదిసార్లు జ్ఞాపకం అని రాస్తే ఒక మెసేజ్ ఖతం, డబ్బులు కట్. ఇంక తెలుగులో ఎవరు రాస్తారండి? "ఏం చేస్తున్నవ్" అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టడం మనకు అట్లా అలవాటైంది. మన వాళ్లకు తెలుగు మీద ప్రేమ లేదు అని పెద్దవాళ్లు తిడుతుంటారు కానీ, నేనైతే సగం తప్పు ఆ 70 మీద వేస్తాను.

పైగా చాలా ఫోన్లలో తెలుగు వస్తే డబ్బాలే కనిపించేవి. 2010 ఆ టైంలో మేం ఒపేరా మినీలో ఒక సెట్టింగ్ పెట్టుకునేవాళ్లం. సెట్టింగ్స్‌లో పైకి కనిపించదు, అడ్రస్ కొట్టే దగ్గర ఒక మాట టైప్ చేస్తే తెరుచుకునేది. అందులో బిట్‌మ్యాప్ ఫాంట్స్ అని ఆన్ చేస్తే, తెలుగు పేజీలో అక్షరాలు బొమ్మల్లా వచ్చేవి. ఆ సెట్టింగ్ తెలిసినోడు అప్పట్లో కాలేజీలో హీరో. 2012లో ఆండ్రాయిడ్ 4.1 జెల్లీబీన్‌లో తెలుగు సపోర్ట్ వచ్చాక ఆ బాధ తగ్గింది. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. నెల తిరిగాక అక్టోబర్ 11న, దసరా రోజున, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వచ్చాయి. మా జనగామ జిల్లా కోసం ఎంత కొట్లాట అయ్యిందో ఈ ఏరియావాళ్లకు చెప్పక్కర్లేదు. మొత్తానికి కొత్త జిల్లా, ఫ్రీ డేటా రెండూ ఒకేసారి చేతికొచ్చాయి.

మరుసటి ఏడు, 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో వాయిస్ టైపింగ్ ఇచ్చింది. మా మేనబావ భూపాలపల్లి సింగరేణిలో పని చేస్తాడు. పదో తరగతి తర్వాత తెలుగులో పేజీ రాసి ఎరగడు. సెకండ్ షిఫ్ట్ దిగి ఫోన్‌లో మాట్లాడుతూ ఇంత పొడుగు మెసేజ్‌లు పెడతాడు ఇప్పుడు. స్పెల్లింగులు నాకంటే కరెక్ట్.

సరే, మళ్లీ ఆ బగ్ దగ్గరికొద్దాం. అప్పట్లో మొజిల్లాలో ఉన్న మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీర్ ఆ మెసేజ్‌ని విప్పి చూశాడు. లోపల నాలుగు నంబర్లు ఉండాలి కదా, ఐదు ఉన్నాయి. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించనిది ఒకటి, ఆఖర్న దీర్ఘం. ఆ కనిపించని దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని ఏంటంటే పక్క అక్షరాలను కలవకుండా ఆపడం. ఆ చోట అది ఉండాల్సిన అవసరమే లేదు, ఎవరూ చేత్తో అట్లా టైప్ చేయరు. బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఇట్లాంటి వరస పెడితే ఫోన్ పడిపోతుందని ఆయనే చూపించాడు. అంటే జబ్బు తెలుగుది కాదు, ఆ గీసే ప్రోగ్రాంది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. వార్త బయటపడిన కొద్ది రోజుల్లోనే ఇచ్చారు, అది మెచ్చుకోవాల్సిందే. వాళ్ల నోట్‌లో కూడా తెలుగుని తప్పు పట్టలేదు, ఒక రకమైన అక్షరాల వరస వల్ల మెమరీ చెడిపోతోంది అనే రాశారు. "తెలుగు అక్షరం ఫోన్ చంపేస్తోంది" అన్నది హెడ్‌లైన్ల పుణ్యం. 2015 మేలో ఇట్లాంటిదే ఒక మెసేజ్ ఐఫోన్లను పడేసింది, అందులో అరబిక్ అక్షరాలు ఉన్నాయి. అప్పుడూ పేరు అరబిక్‌కే వచ్చింది. ఇంగ్లీష్ టెక్స్ట్ వల్ల ఫోన్ పడిపోతే మాత్రం దాన్ని సాఫ్ట్‌వేర్ బగ్ అంటారు!

ఆ కనిపించని అక్షరం పనికిమాలిందని అనుకోకండి. మీరు రోజూ వాడుతున్నారు. ‘మహబూబాబాద్‌లో’ అని రాయండి. ద్ తర్వాత అది ఉంటేనే ఇట్లా వస్తుంది. లేకపోతే ‘మహబూబాబాద్లో’ అని ల వెళ్లి ద కింద ఒత్తు అయిపోతుంది. జనగామకి, భూపాలపల్లికి ఆ బాధ లేదు, మహబూబాబాద్ వాళ్లకే ఉంది. ఫేస్‌బుక్, సాఫ్ట్‌వేర్, అన్నింటిలో అదే. కొన్ని కీబోర్డులు వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. పైకి రెండూ తెలుగే, ఫోన్‌కి మాత్రం రెండు వేరే వేరే మాటలు.

నా అభిప్రాయం అడిగితే, ఆ బగ్ అన్నాళ్లు దాగి ఉండడానికి కారణం దాన్ని తొక్కేవాళ్లు లేకపోవడమే. తెలుగులో టైప్ చేసేవాళ్లు ఎక్కువుంటే అట్లాంటివి ముందే ఎవరికో ఒకరికి కాలికి తగిలేవి. నడవని దారిలోనే ముళ్లు పెరుగుతాయి కదా.

ఇందులో ఇంకో సంగతి ఉంది, అది నాకు కొంచెం దగ్గరిది. మా బాపు 1998 నుంచి జనగామలో డీటీపీ షాపు నడిపాడు. పెళ్లి కార్డులు, కరపత్రాలు. మా తాత ఊరు కడవెండి పక్కనే. దొడ్డి కొమురయ్య 1946 జూలై 4న చనిపోయాడు కదా, ఆ రోజుల్లో తాత చిన్న పిల్లగాడు. తను చూసినవి, ఇంట్లో విన్నవి 2003లో ఆయన చెబుతుంటే బాపు కూర్చుని నలభై పేజీలు టైప్ చేశాడు. పేరు ‘నా జ్ఞాపకాలు’. తాత పోయాడు. షాపు కూడా మూసేశాం. సీడీ మిగిలింది.

మొన్న ఆ ఫైల్ తెరిస్తే అంతా డాలర్ గుర్తులు, కొక్కేలు, ఇంగ్లీష్ ముక్కలు. ఎందుకంటే అప్పటి డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు పెట్టి నడిపించేవాళ్లు. ఇంగ్లీష్‌కి తెలుగు అంగీ తొడిగినట్టు అనుకోండి. ఆ అంగీ ఇప్పుడు నా కంప్యూటర్‌లో లేదు. ఒకప్పుడు తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు కూడా ఇట్లనే ఉండేవి, ఒక్కో పేపర్‌కి ఒక్కో ఫాంట్ దించుకోవాలి. నాగార్జున వెన్న అనే ఆయన ‘పద్మ’ అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ చేసి, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేవాడు.

యూనికోడ్‌లో మొదట్లో మనకు దొరికిన మంచి ఉచిత ఫాంట్లలో ఒకటి ‘పోతన 2000’. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేశారు, దానికి తోడు ‘వేమన 2000’ కూడా. లైనక్స్ వాడినోళ్లకు ఈ రెండూ తెలుసు. పోతన అంటే మన పాలకుర్తి మండలం బమ్మెర పోతనే. ఒంటిమిట్ట అని కడపవాళ్లు అంటారు, ఆ పంచాయితీ ఇప్పుడు వద్దు. భాగవతాన్ని రాజుకి అంకితం ఇవ్వనన్నాడని, సింగభూపాలుడు దాన్ని నేలలో పాతిపెట్టించాడని, తీసేసరికి కొన్ని భాగాలు పాడయ్యాయని, వాటిని వేరేవాళ్లు పూరించారని కథ చెప్తారు. ఆ రాజు బిరుదు సర్వజ్ఞ, అందులోనూ మన జ్ఞ ఉంది చూశారా.

తాత ఫైల్‌ని నేను ఒక కన్వర్టర్‌లో వేశా. ముప్పై పేజీల దాకా బాగానే వచ్చింది. ఒత్తులే చాలాచోట్ల ఎగిరిపోయాయి. టైటిల్ ‘నా జాపకాలు’ అని వచ్చింది. మిగతా పది పేజీలు అసలు మారలేదు, వాటిలో ఊరి మనుషుల పేర్లే ఎక్కువ. బీరువాలో ఒక జిరాక్స్ కాపీ దొరికింది, అందులో నాలుగు పేజీలు లేవు. రోజూ రాత్రి ఒక పేజీ తీసుకుని, జిరాక్స్ చూస్తూ ఫోన్‌లో తెలుగులో కొడుతున్నా. పేర్ల దగ్గర అనుమానం వస్తే బాపుని లేపి అడుగుతున్నా. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని స్క్రీన్ చూసి "ఇది ఆయన కాదురా, వాళ్ల తమ్ముడు" అంటాడు.

మీ ఇంట్లో కూడా పాత డీటీపీ సీడీలు, ఫ్లాపీలు ఉంటే తీసి చూడండి, ఏమొచ్చిందో కామెంట్‌లో చెప్పండి. నావి ఇంకా ఆరు పేజీలున్నాయి. ఉంటా మరి.