దోర్నకల్ మిషన్

దోర్నకల్ మిషన్ అనేది తమిళనాడు దక్షిణ కొసన ఉన్న తిరునెల్వేలి క్రైస్తవ సంఘం ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో నిజాం సంస్థానపు తెలుగు పల్లెల్లో మొదలుపెట్టిన సువార్త, సేవా కార్యక్రమం. భారతీయ క్రైస్తవులు తమ మనుషులను పంపి, తమ చందాలతో పోషించి, తామే అజమాయిషీ చేస్తూ వేరే భాషా ప్రాంతంలో నడిపిన తొలి ప్రయత్నాల్లో ఇది ముఖ్యమైనది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్ దీనికి కేంద్రం. ఒక సంఘం తన బాగోగులు చూసుకోవడంతోనే సరిపెట్టుకోకుండా, ముఖపరిచయం కూడా లేని వాళ్ల బాధ్యతను నెత్తిన పెట్టుకోవడం ఈ చరిత్రలో అసలు విశేషం.

నేపథ్యం

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన రెండు మిషనరీ సొసైటీల పనివల్ల తిరునెల్వేలి సంఘం బాగా పెరిగింది. బడులు వచ్చాయి, స్థానిక పాస్టర్లు తయారయ్యారు. అయినా దూరదేశాలకు మిషనరీలను పంపడం తెల్లవాళ్ల పని అనే భావన మాత్రం పోలేదు. దాన్ని కదిలించినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన 1874లో వెళ్లాళన్‌విళై గ్రామంలో ఒక పాస్టరుగారి ఇంట పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగారు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ ఖర్చుతో మిషనరీ పని సాగించడం చూశారు. తమకంటే చిన్న సంఘం చేయగలిగింది తామెందుకు చేయలేకపోయామన్న ప్రశ్న ఆయన్ని నిలవనీయలేదు.

1903 ఫిబ్రవరి 12న పాలయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మొదటి కార్యక్షేత్రంగా నిజాం సంస్థానంలోని దోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. తొలి మిషనరీ శామ్యూల్ పాకియనాథన్ 1904లో ఇక్కడికి వచ్చారు. ఆయనకూ ఆ తర్వాత వచ్చినవాళ్లకూ తెలుగు రాదు. ఓనమాలు దిద్దుకుని, పల్లెజనం మాట పట్టుబడ్డాకే బోధకు దిగాలి. అజరయ్య కూడా ఈ దారినే నడిచారు. తమిళుడు తెలుగు దేశంలో పరదేశి కిందే లెక్క; యాస వినగానే ఊరికి తెలిసిపోతుంది.

1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టడంలోనూ అజరయ్య పాత్ర పెద్దది. అయితే ఊరూరా తిరిగి ఇతరులకు చెప్పిన పని తాను స్వయంగా చేయకుండా ఉండలేక, 1909లో గురుత్వాభిషేకం పొంది దోర్నకల్ చేరారు. మరుసటి ఏడాది ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు ధనమూ శ్రమా ఇచ్చారు గాని స్నేహం ఇవ్వలేదని నిర్మొహమాటంగా చెప్పారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు.

పల్లె సంఘాల కానుకలు

ఇక్కడ సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వెట్టి చేసేవాళ్లు, అప్పుల్లో మునిగినవాళ్లు. ఇలాంటి వాళ్లను ఆదుకోవాల్సిన వాళ్లుగా చూడటమే ఆనాటి మామూలు ధోరణి. అజరయ్య వాళ్లను ఇచ్చేవాళ్లుగా చూశారు. ఆయన చేసిన పనులన్నింటిలో నా దృష్టికి ఇదే గొప్పది. బాప్తిస్మం పొందిన ప్రతివారూ సాక్షులేనని, సువార్త చెప్పడం జీతం తీసుకునే ఉపదేశి ఒక్కడి పని కాదని ఆయన పట్టుబట్టారు. ఏటా ఒక వారం సాక్ష్యానికి కేటాయించి, సంఘస్థులు ఆడామగా కలిసి పక్క ఊళ్లకు వెళ్లే ఆనవాయితీ పెట్టారు. అక్షరం రాని కూలివాడు కూడా తాగుడు ఎలా మానాడో, కొట్లాటలు ఎలా వదిలాడో తన నోటితో చెప్పుకునేవాడు.

డబ్బు లేనిచోట కానుక ధాన్యం రూపంలో వచ్చేది. దక్షిణాది సంఘాల్లో పాతుకుపోయిన పిడికెడు బియ్యం అలవాటు ఇక్కడి పద్ధతిని బాగా చూపిస్తుంది. పొయ్యి మీద ఎసరు పెట్టాక ఇల్లాలు ఆ పూట బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి విడిగా కుండలో వేస్తుంది. వారానికి ఆ కుండ నిండినంత మేర గుడికి చేరుతుంది. ఆకలి తెలిసిన ఇంట్లో ఆ గుప్పెడు మిగులులోంచి తీసింది కాదు, కంచంలోంచి తీసింది. కోత పండుగకు గుడి ముందు జొన్న కంకులు, వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు వరసగా చేరతాయి. వాటిని అక్కడే వేలం వేసి, వచ్చిన సొమ్ము సంఘం ఖర్చుకు జమ చేస్తారు. క్రైస్తవులు ఇవ్వడం గురించి అజరయ్య పుస్తకమే రాశారు.

1920ల ఆరంభానికి కృష్ణాతీరపు తెలుగు జిల్లాలు కూడా కలిసి డయోసిస్, అంటే బిషప్ పరిధిలోని ప్రాంతం, ఎన్నోరెట్లు పెద్దదయింది. 1930ల నడుమకు గ్రామ ఉపాధ్యాయులే రెండు వేలకు పైగా ఉండేవారు. ఆసుపత్రులు, సహకార సంఘాలు, అచ్చుయంత్రాలు వెలిశాయి. ఇంత పెద్ద వ్యవస్థ స్థానిక కానుకలతోనే నడిచిందనలేం; విదేశీ సొసైటీల సొమ్ము అవసరం చివరిదాకా ఉంది. స్వయంపోషణ ఆశయమే గాని, పూర్తిగా అందిన ఫలితం కాదు.

కులం కూడా సులువుగా లొంగలేదు. మాల, మాదిగ సంఘాలు ఒకే బల్ల దగ్గర, ఒకే పాత్రలో ప్రభు భోజనం తీసుకోవాలని అజరయ్య పట్టుబట్టినా, పల్లెల్లో వేరు గుడులు, వేరు వరసలు పోవడానికి చాలా కాలం పట్టింది. కొన్నిచోట్ల ఆ పోరు ఈనాటికీ తీరలేదు.

వివాదాలు

1930ల్లో దళితుల సామూహిక మతమార్పిడులను గాంధీజీ తీవ్రంగా ఆక్షేపించారు. ఆ విమర్శకు గురైనవాటిలో దోర్నకల్ ఒకటి. అదే కాలంలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు అజరయ్య వ్యతిరేకించారు. సంఘం తన హక్కుల లెక్క చూసుకునే ఒక వర్గంగా గిరి గీసుకుంటే, గిరి బయటి మనుషులతో దాని సంబంధం తెగిపోతుందని ఆయన భయం. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆయన అర్థమవుతారు: సువార్త చెప్పే స్వేచ్ఛను వదులుకోలేదు, దాన్ని ఓట్ల బలంగా మార్చనూలేదు.

తర్వాతి కాలం

1939 జనవరి 6న దోర్నకల్‌లో ఎపిఫనీ కెథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును, చెక్కిన రాతి స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. పాశ్చాత్య నమూనా తెచ్చి పెట్టకుండా, చుట్టూ ఉన్న ఇరుగుపొరుగు శిల్పరీతుల్లోనే ప్రార్థనాలయం కట్టాలన్నది బిషప్ నిర్ణయం. పని పాతికేళ్ల వరకు సాగింది. అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1919 ట్రాంకెబార్ సమావేశం నుంచి ఆయన కృషి చేసిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా రూపుదిద్దుకుంది. దోర్నకల్ అందులో ఒక డయోసిస్ అయింది. పాలయంకోటలో పుట్టిన ఇండియన్ మిషనరీ సొసైటీ ఆ తర్వాత ఇతర రాష్ట్రాలకు విస్తరించి, తిరునెల్వేలి సంఘాల చందాలతో ఇప్పటికీ పనిచేస్తోంది.