మిషను ఆసుపత్రులలో దేహ పరిచర్య, మనస్సు పరిచర్య

శతవార్షిక సంచికలలో ఆసుపత్రుల గురించిన వ్యాసము సాధారణంగా శంకుస్థాపన తేదీతో మొదలై పడకల సంఖ్యతో ముగుస్తుంది. అవి కావలసిన వివరాలే, కాదనము. అయితే ఆ గోడల మధ్యకు వచ్చిన రోగిని మన పెద్దలు ఎంతవరకు పూర్తి మనిషిగా చూశారు, దేహముతో పాటు మనస్సుకు ఎంత చోటిచ్చారు, ఎక్కడ ఆగిపోయారు అన్న సంగతిని మేము ఈ నాలుగు పుటలలో వ్రాయదలచాము.

సువార్తలలో ఈ రెంటికీ నడుమ గోడ కనిపించదు. కుష్ఠురోగిని ప్రభువు దూరము నుండి మాటతోనే బాగుచేయగలిగియుండి కూడా చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ఎన్నో ఏండ్లుగా ఎవరూ ముట్టని మనిషికి ఆ స్పర్శ ఎంత అవసరమో ఆయనకు తెలుసు. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ఆయన వస్త్రము ముట్టినప్పుడే బాగుపడింది. అయినా ఆయన ఆమెను గుంపులో చాటుగా పోనివ్వక, ఆగి, అందరి ఎదుట మాట్లాడాడు. గెరాసేనుల దేశములో సమాధుల మధ్య తిరిగినవానికి స్వస్థబుద్ధి కలిగిన తరువాత, వెంట వస్తానన్నా వినక, ఇంటివారి యొద్దకు పంపాడు. స్పర్శ, మాట, ఇల్లు. మన ఆసుపత్రుల చరిత్ర చదివేటప్పుడు ఈ మూడింటిని మనస్సులో పెట్టుకోవాలని మా మనవి.

మొదట గుంటూరు. పెన్సిల్వేనియాలో వైద్యవిద్య ముగించిన అన్నా సారా కుగ్లర్ 1883లో లూథరన్ మిషను తరఫున ఇక్కడికి వచ్చారు. పంపినవారు ఆమెను పంపింది వైద్యానికి కాదు, ఘోషా స్త్రీల మధ్య బోధనకు, బాలికల చదువుకు. ఆమె మాత్రం వచ్చినది మొదలు రోగులను చూడడము మానలేదు. 1885లో ఆమెను వైద్య మిషనెరీగా నియమించారు. 1893లో మందుల శాల, 1898లో ఆసుపత్రి ఏర్పడ్డాయి. గుంటూరువారికి నేటికీ అది కుగ్లర్ ఆసుపత్రే. అప్పట్లో మగ డాక్టరు ముందుకు రాలేక ఇండ్లలోనే కన్నుమూసిన తల్లులెందరో. వారికి మందు ఎంత ముఖ్యమో, తమ మాట వినే ఒక ఆడమనిషి ఉండడము అంతే ముఖ్యము. ఏలూరు రాజావారు తమ కుటుంబానికి జరిగిన మేలుకు కృతజ్ఞతగా ఆసుపత్రి దగ్గర రోగుల బంధువుల కొరకు ఒక సత్రము కట్టించారు. ఆయన క్రైస్తవుడు కాడు. అయినా రోగితోపాటు రోగివారికి కూడా నీడ కావాలన్న సంగతి ఆయనకు తోచింది. బండి కట్టుకొని వచ్చిన కుటుంబము తమ వంట తాము చేసుకొని రోగికి దగ్గరగా ఉండగలిగితే, లోపల మంచము మీద ఉన్న ఆమెకు సగము భయము తీరినట్లే. మంచాల మధ్య తిరిగి మంచీచెడ్డా మాట్లాడిన బైబిలు స్త్రీల సేవ కూడా ఇటువంటిదే. ఆ మాటలను ఏ రిజిస్టరూ లెక్కకు ఎక్కించలేదు.

ఇక డిచ్‌పల్లి. దీని గురించి కొంచెము నిదానంగా చెప్పుకోవాలి.

స్కాట్లండుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున 1907లో హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. నిజామాబాదు ప్రాంతములో కుష్ఠురోగుల కొరకు ప్రత్యేకించి ఏ ఏర్పాటూ లేదని చూసి, 1911లో చిన్న ఎత్తున పని ఆరంభించారు. ఆ ప్రాంతపు హిందూ ధనికుడు రాజా నర్సాగౌడ్ గారు ఇచ్చిన విరాళము వల్ల 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి లేచింది. మన సంఘములు నడిపిన సేవకు పునాదిరాళ్లలో కొన్ని సంఘము వెలుపలివారు వేసినవని మన పిల్లలకు చెప్పడము మరచిపోరాదు.

ఆ రోజులలో ఉన్న మందు చాల్‌ముగ్రా జాతి గింజల నూనె. తాగితే కడుపులో నిలిచేది కాదు. సూదిగా ఇస్తే విపరీతమైన నొప్పి. వారాల తరబడి, నెలల తరబడి ఆ సూదులు వేయించుకోవాలి. నయమవుతుందన్న ఆశ లేని మనిషి ఇంత బాధకు ఒప్పుకోడు. అందుచేత డిచ్‌పల్లిలో ముందుగా పుట్టించవలసివచ్చినది ఆశ. అంతకుముందు కుష్ఠు ఆశ్రమమంటే చావు వచ్చేదాకా తలదాచుకునే చోటు. కెర్ దంపతులు దానిని వైద్యము చేసి తిరిగి పంపే చోటుగా మార్చదలచారు. ఇక్కడే పనిచేసిన డాక్టరు జాన్ లోవ్ తరువాత ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్లి, డాప్సోన్ మాత్రలను నోటి ద్వారా ఇచ్చే చికిత్సకు మార్గము తీసినవారిలో ఒకరయ్యారు. ఇసబెల్ కెర్ గారికి 1923లో కైజరీ హింద్ పతకము లభించింది. 1932లో ఆమె కన్నుమూశారు.

మెచ్చుకోలుతో పాటు ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ కాలపు కుష్ఠు ఆశ్రమాలలో సాధారణంగా స్త్రీలను, పురుషులను వేరుగా ఉంచేవారు. వ్యాధి లేని పిల్లలను తల్లిదండ్రుల నుండి తీసి వేరే ఇండ్లలో పెంచేవారు. అంటు భయముతో, మంచి ఉద్దేశముతో చేసినదే. అయినా బిడ్డను విడిచిన తల్లి రాత్రులు ఎలా గడిపి ఉంటుందో తలుచుకుంటే, దేహానికి మేలు చేసిన చేతులే మనస్సుకు గాయము చేశాయని ఒప్పుకోక తప్పదు.

చిత్తూరు జిల్లావారికి పొరుగూరు వంటి వేలూరులో డాక్టరు పాల్ బ్రాండ్ నేర్చుకున్న పాఠము ఇంకా విచిత్రమైనది. కుష్ఠు వలన వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేయవచ్చునని 1940ల చివర ఆయన చూపించారు. వ్రేళ్లు చక్కబడినవారు సంతోషముతో వెళ్లి, కొన్నాళ్లకు తిరిగి వచ్చారు. ఊరిలో పని ఎవరూ ఇవ్వలేదు. చేతులు చూడడానికి బాగున్నందున బిచ్చము కూడా తగ్గింది! చెయ్యి బాగుచేసి మనిషిని వీధిలో విడిచామా అని ఆయన కలత చెందారు. అప్పుడు, 1951లో, కోలుకుంటున్నవారు కలిసి ఉండి చేతిపనులు నేర్చుకునే నవజీవన కేంద్రము వెలిసింది. మందుల సంగతి తరువాత సులువైంది. 1982 నుండి వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. మనుషుల చూపు మారడము మాత్రము అంత త్వరగా జరగలేదు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టములో విడాకులకు కారణముగా ఉన్న కుష్ఠును 2019లో గాని తొలగించలేదు.

కాన్పులు, కండ్లు, క్షయ, కుష్ఠు అన్నింటికీ మిషనులు ఆసుపత్రులు కట్టాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో క్షయ శానిటోరియము ప్రారంభమైనది కూడా డిచ్‌పల్లి వలె 1915లోనే. మరి మనోవ్యాధికి? లక్నోలో స్టాన్లీ జోన్స్ గారు నూర్ మంజిల్ ఏర్పాటు చేసినది 1950లో. వేలూరు వైద్య కళాశాలవారు బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రము తెరిచినది 1957లో. గుంటూరు ఆసుపత్రికీ దీనికీ మధ్య దాదాపు అరువది సంవత్సరములు! మనస్సు చెదిరినవాడు కూడా రోగియేనని గ్రహించడానికి మన పరిచర్యకు అంత కాలము పట్టింది.

బాగాయములో డాక్టరు ఫ్లోరెన్స్ నికోల్స్ గారి కాలము నుండి ఒక పద్ధతి ఉన్నది. రోగితోపాటు ఇంటివారు ఒకరు వచ్చి కూడా ఉండాలి. డబ్బు లేక పెట్టిన ఏర్పాటుగా మొదట కొందరికి తోచవచ్చు. కానీ తాళము వేసిన వార్డులో బిడ్డను విడిచి వెళ్లడానికీ, పక్కనే ఉండి వండిపెడుతూ, ఆ జబ్బు ఏమిటో డాక్టరు నోటివెంట విని తెలుసుకోవడానికీ ఎంత తేడా! ఇంటికి తిరిగి వెళ్లాక మాత్రలు మానకుండా చూసేది ఆ మనిషే. ఏలూరు రాజావారి సత్రము వెనుకనున్న ఆలోచనే ఇక్కడ చికిత్సలో భాగమైనదని మాకు తోస్తుంది.

మన సంఘముల సంగతికి వద్దాము. ఆదివారపు విజ్ఞాపన ప్రార్థనలో గుండె ఆపరేషనుకు, మోకాళ్ల నొప్పులకు, చక్కెర వ్యాధికి పేరు పెట్టి ప్రార్థిస్తాము. మనోవ్యాధి దగ్గరికి వచ్చేసరికి, ‘ఒక కుటుంబములోని సమస్య’ అంటాము. హైదరాబాదులో ఎర్రగడ్డ పేరు, ఒక ఆసుపత్రి ఉన్నందుకు, వెక్కిరింతగా మారింది. నిద్రలేని ఇల్లాలికి విశ్వాసము చాలలేదని చెప్పేవారు మన మధ్య ఉన్నారు. చక్కెర వ్యాధివానికి మాత్రము ఆ మాట ఎవరూ చెప్పరు. ప్రార్థనకు మేము వ్యతిరేకులము కాము. కుగ్లర్ గారి ఆసుపత్రిలోనూ, డిచ్‌పల్లిలోనూ ప్రార్థన జరిగేది; దాని తరువాత సూదిమందూ ఇచ్చేవారు.

తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మనోరోగులు అగ్నిప్రమాదములో చనిపోయారు. అది మరొకరి మతస్థలము దగ్గర జరిగినదని మనము నిశ్చింతగా ఉండలేము. స్వస్థత కొరకని తెచ్చిన మనిషిని కట్టి ఉంచడము ఏ మతమువారు చేసినా ఒక్కటే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలని, వారికి చికిత్స అందించాలని చెప్పింది. మన పాస్టర్లు, స్త్రీల మైత్రి నాయకురాండ్రు ఈ రెండు సంగతులైనా తెలిసి ఉండాలి. అటువంటి ఇంటికి మొదట వెళ్లేది వారే కదా.

2022 అక్టోబరులో ప్రభుత్వము టెలీ మానస్ అనే సహాయ కేంద్రాన్ని ప్రారంభించింది. నంబరు 14416. రాత్రింబవళ్లు, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. గుడి వరండాలో పెండ్లి ప్రకటనలు అంటించే బల్ల మీద ఈ నంబరుకు సరిపడినంత చోటు ఉన్నది.