జిజ్ఞాస బోధనీయమా? - ఒడ్డాది శాసనము చెప్పు పాఠము

జ్ఞా ధాతువునకు ఇచ్ఛార్థమున సన్ ప్రత్యయము చేరగా జిజ్ఞాస యేర్పడినది. అనగా నది జ్ఞానము కాదు, ఎఱుగవలెనను కోరిక. జ్ఞానమును బోధింపవచ్చును. కోరికను బోధించుట సాధ్యమా? మాడుగుల ప్రాంతచరిత్ర మీ ప్రశ్నకొక నిదర్శన మొసగుచున్నది.

మాడుగులకు చేరువనున్న ఒడ్డాదిని (నేటి వడ్డాది) మధ్యయుగమున మత్స్యవంశ్యు లేలిరి. వారిలో అర్జునుని దిబ్బిడి తామ్రశాసనము శకవర్షము 1191 (క్రీ.శ. 1269) నాటిది. మత్స్యగర్భమున జనించిన మూలపురుషుని కథతో నది వంశావళిని తెలుపుచున్నది. దీనిని పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' అయిదవ సంపుటమున ప్రకటించినవారు గిడుగు రామమూర్తి (1863-1940).

వా రప్పుడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. శాసనలిపిని వారికి గురుముఖమున నేర్పినవారు లేరు. ముఖలింగ దేవాలయ శాసనములను చదువవలెనను పట్టుదలతో, గ్రంథముల సాయమున స్వయముగా నేర్చిరి. సవర భాషయు నిట్టిదే. ఆ భాష నెఱిగినవాని నింట నుంచుకొని అభ్యసించి, 1931లో దాని వ్యాకరణమును వెలువరించిరి.

లిపియు, వ్యాకరణమును బోధనీయములు. వాని వెనుకనున్న కోరిక యట్టిది కాదు. అయినను తండ్రిగారి కృషిని దగ్గఱనుండి చూచిన సీతాపతిగారును భాషాపరిశోధకు లగుట గమనింపదగినది. జిజ్ఞాస పాఠమువలన గాక సహవాసమువలన సంక్రమించు నని తోచుచున్నది.

నేడు మన పరిశోధక విద్యార్థులకు విషయమును, పద్ధతిని మనమే నిర్ణయించి యిచ్చుచున్నాము. ప్రశ్న వారిది కానప్పుడు సమాధానము వారి దెట్లగును? ముద్రితపాఠమునకు ముందు శాసనపు అచ్చుప్రతిబింబమును వారి చేతికిచ్చి, తానును వారితో కూర్చుండి అక్షరములను వెదకుట ఉపాధ్యాయుని విధి.