అరువు తీర్పులు

చిన్న కంపెనీ మెయిల్ సర్వర్‌లో స్పామ్ ఫిల్టర్ చరిత్ర చెప్పమంటే పంపేవాళ్ల ఎత్తులు, ఆపేవాళ్ల పైఎత్తులు అంటూ మొదలుపెట్టడం రివాజు. ఆ కథలో సర్వర్ చూసుకునే మనిషి కనిపించడు. ఏ ఉత్తరం లోపలికి రావాలో, ఏది గుమ్మంలోనే ఆగాలో తేల్చే పని అతని చేతిలోంచి పరాయి చేతుల్లోకి ఎలా వెళ్లిందన్నదే నాకు ముఖ్యం. ఆఫీసులకు గట్టి దెబ్బలు తగిలిందీ అక్కడే. మొదట్లో తేల్చాల్సిన అవసరమే పెద్దగా ఉండేది కాదు. 1978 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. చిరునామాలు ఎక్కువై, వాటికి కేటాయించిన చోటు చాలక ఉత్తరంలోకే పొర్లాయి. ఆ సంగతి తేల్చింది ఫిల్టర్ కాదు, నెట్‌వర్క్ నడిపేవాళ్ల మందలింపు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన, ఉత్తరాలు చేరవేసే ఎస్‌ఎంటీపీ నిబంధనలు కూడా పంపినవాడు చెప్పుకున్న పేరును అలాగే నమ్మాయి. అందరూ ఒకరినొకరు ఎరిగిన ఊళ్లో తలుపుకు గడియ ఎందుకు?

గడియ అవసరం 1990లలో వచ్చింది. అప్పటి మెయిల్ సర్వర్ ప్రోగ్రాం సెండ్‌మెయిల్ మామూలు అమరికలో, ఎవరు ఎవరికి ఇమ్మన్నా ఉత్తరం మోసుకెళ్లేది. 1998లో 8.9 వెర్షన్ వచ్చాకే ఆ తలుపు మొదటినుంచీ మూసి ఉంచారు. ఈలోగా 1997లో పాల్ విక్సీ బృందం స్పామ్ పంపే చిరునామాల బ్లాక్‌లిస్ట్ పద్ధతి తెచ్చింది. అందులోని తెలివి మెచ్చుకోవలసిందే. 192.0.2.10 నుంచి ఉత్తరం వస్తే మన సర్వర్ ఆ అంకెలను 10.2.0.192 అని తిరగేసి, వెనకాల జాబితా పేరు తగిలించి డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. 127.0.0.2 అని జవాబొస్తే నేరస్థుడే, జవాబు లేకపోతే పోనిమ్మని. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క వరుస రాస్తే చాలు, ఇంకెవరో పడ్డ శ్రమంతా మనకు ఊరికే దక్కుతుంది. చిక్కల్లా ఆ వరుస రాసినవాడు దాన్ని మరిచిపోవడం. తలుపులు తెరిచి ఉన్న సర్వర్లను నమోదు చేసే ఓఆర్‌డీబీ జాబితా 2006 డిసెంబరులో మూతపడింది. అప్పటికి స్పామ్ బాట్‌నెట్‌ల, అంటే దొంగచాటుగా వశపరచుకున్న కంప్యూటర్ల గుంపుల, దారి పట్టింది కాబట్టి ఆ జాబితాతో పనిలేకపోయింది. అయినా అడిగే సర్వర్లు అడుగుతూనే ఉన్నాయి. 2008 మార్చిలో అది ఏ చిరునామా అడిగినా ‘జాబితాలో ఉంది’ అని జవాబివ్వడం మొదలెట్టింది. ఏడాది పైగా ఆ వరుస తీసెయ్యని ఆఫీసులకు ఉత్తరాలు ఆగిపోయాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అంటాం గానీ, ఇక్కడ ఎలుకలు ఎప్పుడో దారి మార్చుకున్నాయి.

జాబితాలకు తోడు, 2001లో జస్టిన్ మేసన్ విడుదల చేసిన స్పామ్అసాసిన్ ఫిల్టర్ తీర్పును మార్కుల లెక్కగా మార్చింది. ఒక్కో అనుమానానికి కొన్ని మార్కులు, మొత్తం 5కు చేరితే స్పామ్. ఒక్క ఆధారంతో ఎవరినీ శిక్షించకపోవడం న్యాయమే. కానీ ఆ మార్కులు వేసిందీ పరాయివాళ్లే. 3.2 వెర్షన్‌లో తేదీ మరీ భవిష్యత్తులో ఉంటే అనుమానించే నియమం ఒకటి ఉండేది, అది 2010 నుంచి 2099 దాకా ప్రతి సంవత్సరాన్నీ పట్టుకునేది. 2010 జనవరి 1న మామూలు ఉత్తరాలన్నీ ‘భవిష్యత్తు’ నుంచి వచ్చినవైపోయి, ఊరికే మూడుకు పైగా మార్కులు మోశాయి. ఇంకో చిన్న అనుమానం తోడైతే చెత్తబుట్టే. ఈ అరువు మార్కులకు విరుగుడు ఇంటిపట్టున దొరికేదే. 2002లో పాల్ గ్రాహం వ్యాసంతో ప్రచారంలోకి వచ్చిన బేయేసియన్ పద్ధతిలో ఫిల్టర్ మన ఉత్తరాల నుంచే నేర్చుకుంటుంది. స్పామ్అసాసిన్‌లో 200 చెత్త ఉత్తరాలు, 200 మంచివి చూపిస్తేగాని అది నోరు విప్పదు. మందుల హోల్‌సేల్ వ్యాపారికి వయాగ్రా అన్న మాట రోజువారీ సరుకు పేరు, ఆడిటర్‌కు అదే మాట అనుమానాస్పదం. ఈ తేడా ఏ బయటి జాబితాకూ తెలియదు.

పదిమంది పనిచేసే ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు ఏరే తీరిక ఎవరికి, కోట్ల ఉత్తరాలు చూసే పెద్ద సంస్థలకే అప్పగించవచ్చు కదా అనేవాళ్లున్నారు. కొత్త మోసాన్ని గంటల్లో పసిగట్టడంలో వాళ్లకు సాటి లేదు, ఒప్పుకుంటాను. అందుకే జాబితాలు వద్దనను, ఏడాదికోసారైనా తిరిగి చూడమంటాను. పంపినవారి గుర్తింపు చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌తో సమస్య తీరిందనడం మాత్రం తొందరపాటు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దమొత్తంలో పంపేవాళ్లకు వాటిని తప్పనిసరి చేశాయి. కానీ అవి ఉత్తరం ఏ డొమైన్‌దో చెబుతాయి, అది మనకు అక్కర ఉందో లేదో చెప్పవు. స్పామ్ పంపేవాడు సొంత డొమైన్ కొనుక్కుని నిక్షేపంగా సంతకం పెట్టుకోవచ్చు. ఉత్తరం తప్పుగా ఆగిపోయినవాడు మొరపెట్టుకోవడానికి మాత్రం 1982 నాటి ప్రమాణాలే ఒక చిరునామా కేటాయించాయి: ప్రతి డొమైన్‌లోనూ పోస్ట్‌మాస్టర్ పేరుతో ఒక పెట్టె ఉండాలి. ఆ పెట్టెకు వచ్చే ఉత్తరాలను కూడా అదే ఫిల్టర్‌కు అప్పగిస్తే, ఫిర్యాదు కూడా ఆ చెత్తలోనే పడుతుంది.